ఫైర్ డోర్ మీది 120 అంకెను నమ్మే ముందు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఎక్కడ అగ్నిప్రమాదం జరిగినా, ఆ భవనానికి ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ఉందా లేదా అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో ఎనిమిది మంది, 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు. రెండుచోట్లా ప్రాణాలు తీయడంలో మంట కంటే పొగదే పెద్ద పాత్ర. ఆ పొగను మెట్ల దారిలోకి రానివ్వకుండా ఆపాల్సింది ఫైర్ డోర్. దాని గురించి మన అపార్ట్‌మెంట్ సంఘాలకు తెలిసింది చాలా తక్కువ. ‘రెండు గంటల డోర్ సార్’ అని బిల్డరు చెబితే తలూపి ఊరుకుంటున్నాం.

ఆ రెండు గంటలు, అంటే 120 నిమిషాలు, లెక్కగట్టేది పరీక్షశాల కొలిమిలో. తలుపును చట్రంతో సహా గోడలో బిగించి, ఒకవైపు వేడి పెంచుతూ పోతారు. 5 నిమిషాలకు సుమారు 575 డిగ్రీల సెల్సియస్, అరగంటకు 840, గంటకు 945, రెండు గంటలకు 1,050 దాకా చేరుతుంది. రెండోవైపు చూసేవి ప్రధానంగా రెండు. ఒకటి ఇంటెగ్రిటీ. అంటే ఆ వైపున మంట లేచి 10 సెకన్లు దాటి మండకూడదు, దూదిని అంటించేంత వేడి వాయువులు రాకూడదు, 6 మి.మీ. ఊచ పట్టి 150 మి.మీ. పొడవునా జరిగేంత చీలిక పడకూడదు. రెండోది ఇన్సులేషన్. తలుపు బయటి ముఖం వేడి మొదటి కంటే సగటున 140 డిగ్రీలకు, ఏ ఒక్కచోటా 180 డిగ్రీలకు మించి పెరగకూడదు.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. మన మార్కెట్లో దొరికే ఇనుప రేకు తలుపుల్లో చాలావాటికి మధ్యలో తేనెపట్టు గళ్లలాంటి కాగితపు హనీకోంబ్ నింపుతారు. అవి ఇంటెగ్రిటీలో 120 నిమిషాలు నిలబడొచ్చు గానీ, ఇన్సులేషన్ నామమాత్రం. మంట లోపలే ఉంటుంది, బయటి రేకు మాత్రం కొద్ది నిమిషాల్లోనే సెగలు కక్కుతుంది. నాలుగడుగుల కారిడార్‌లో ఆ తలుపు పక్కనుంచి పిల్లల్ని, ముసలివాళ్లను దాటించడం కష్టం. తలుపుకి ఆనించి పెట్టిన చెప్పుల స్టాండో, పాత పేపర్ల కట్టో అంటుకున్నా ఆశ్చర్యం లేదు. అలాగని ఈ తలుపులు మోసమేమీ కాదు, మనుషులు నడవని పంపు గదికి సరిపోతాయి. జనం తప్పించుకునే దారిలో పెట్టేటప్పుడు మాత్రం ఇంటెగ్రిటీ ఎన్ని నిమిషాలు, ఇన్సులేషన్ ఎన్ని నిమిషాలు అని విడివిడిగా అడగాలి. స్టిక్కరు మీద ఒక్క 120 అంకె ఉంటే అది దేని లెక్కో టెస్ట్ రిపోర్టులోనే తెలుస్తుంది.

రేటింగ్, అంటే ఎన్ని నిమిషాలు ఆగుతుందన్న లెక్క, తలుపు రెక్క ఒక్కదానిది కాదు. చట్రం, హింజీలు, తాళం, క్లోజర్ (తలుపును దానంతటదే మూసే పరికరం), అద్దం, అంచుల సందులు మూసే సీళ్లు అన్నీ కలిపి పరీక్షించిన సెట్టుది. రిపోర్టులో 1000 × 2100 మి.మీ. ఒంటి రెక్క తలుపు ఉండి, సైటులో 1800 మి.మీ. వెడల్పు జంట రెక్కలు బిగిస్తే ఆ కాగితం దానికి చెల్లదు. జంట రెక్కలకు నడిమి అంచు పెద్ద బలహీనత. పైగా ఏ రెక్క ముందు మూసుకోవాలో చూసే కోఆర్డినేటర్ లేకపోతే ఒకదాని అంచు ఇంకోదానికి తగిలి రెండూ సగంలో ఆగిపోతాయి. పగిలిన ఫైర్ గ్లాస్ స్థానంలో మామూలు అద్దం వేసినా, అల్యూమినియం హింజీలు బిగించినా రేటింగ్ పోయినట్టే. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది, కొలిమి లెక్కన అది పది నిమిషాల లోపు మాట. చట్రానికీ గోడకీ మధ్య ఖాళీని మామూలు ఫోమ్‌తో నింపడం మరో తప్పు. ఇనుప చట్రం వెనక సిమెంటు మోర్టార్ గట్టిగా కూరాలి, లేదా రిపోర్టులో చెప్పిన పదార్థమే వాడాలి.

రెక్కకీ చట్రానికీ మధ్య సందు సాధారణంగా 3 మి.మీ. దగ్గర ఉండాలి, 4 దాటకూడదు. కొలవడానికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు. 1 మి.మీ. సన్‌మైకా ముక్కలు ఐదు కలిపి పట్టుకుని మూడు వైపులా, పైనుంచి కింది దాకా దూర్చి చూడండి. ఐదూ కలిపి దూరాయంటే ఆ తలుపును సరిచేయించాల్సిందే. అంచున గాడిలో ఉండే ఇంట్యుమెసెంట్ పట్టీ సుమారు 200 డిగ్రీల దగ్గర ఉబ్బి సందును మూసేస్తుంది. అంత వేడి పుట్టకముందే పొగ వచ్చేస్తుంది కాబట్టి పొగ కోసం వేరుగా రబ్బరు లేదా బ్రష్ సీలు ఉండాలి. చాలాచోట్ల అది అసలు ఉండదు, ఉన్నా పెయింటర్ దాని మీద రంగు కొట్టేస్తాడు. లాబీలో పాత టైల్స్ తీసి గ్రానైట్ వేసినప్పుడు తలుపు రాసుకుంటోందని కింద కోసేయడం ఇంకో అలవాటు. ఆ కోతతో లోపలి పూరకం బయటపడుతుంది, లేదా గడప దగ్గర వేలు పట్టేంత సందు మిగులుతుంది.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఎలక్ట్రికల్ షాఫ్టు (కరెంటు కేబుళ్లు అంతస్తులన్నిటికీ వెళ్లే నిలువు దారి) తలుపుకు 120 నిమిషాల రేటింగ్ కావాలి. లాబీ అందంగా కనిపించాలని అక్కడ లామినేట్ అతికించిన ప్లైవుడ్ తలుపు పెట్టిన అపార్ట్‌మెంట్లు ఎన్నో. షార్ట్ సర్క్యూట్ అయ్యే అవకాశం ఎక్కువున్నదీ, అన్ని అంతస్తులనూ కలిపే చిమ్నీలా పనిచేసేదీ అదే షాఫ్టు. తలుపు మంచిదే పెట్టినా, పై గోడలో ఇంటర్నెట్ కేబుల్ కోసం కొట్టిన కన్నాన్ని ఫైర్ సీలెంట్‌తో పూడ్చకపోతే పొగకు ఆ దారి చాలు.

వాడకంలో తొలి శత్రువు ఇటుకరాయి. గాలి రావాలనో, సామాన్లు దించాలనో మెట్ల తలుపుకు రాయి అడ్డం పెడతారు. తెరిచిన ఫైర్ డోర్ రేటింగ్ సున్నా. తెరిచే ఉంచాల్సిన చోట ఫైర్ అలారంకు కలిపిన మాగ్నెటిక్ హోల్డర్ బిగించుకోవచ్చు, అలారం మోగినా కరెంటు పోయినా అది తలుపును వదిలేస్తుంది. క్లోజర్ గట్టిగా ఉందని విప్పేయడం, దొంగల భయంతో టవర్ బోల్టు, తాళం కప్ప వేయడం కూడా అలాంటివే. తప్పించుకునే దారిలో తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. తలుపును జానెడు తెరిచి వదలండి. దానంతటదే వెళ్లి గడియ పడాలి. ఆనుకుని ఆగిపోతే క్లోజర్ స్క్రూ తిప్పాలి, లేదా హింజీ కుంగిందేమో చూడాలి. నెలకోసారి వాచ్‌మన్ అన్ని అంతస్తులూ తిరిగి చేయగలిగిన పని ఇది.

అగ్నిమాపక శాఖ, పురపాలక శాఖలకు మా విన్నపం ఒక్కటే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం) ఇచ్చే ముందు, ఏ అంతస్తులో ఏ తలుపు, దాని రేటింగ్, సీరియల్ నంబరు, వర్తించే టెస్ట్ రిపోర్టు ఏమిటో చూపే జాబితాను బిల్డరు చేత సంఘానికి ఇప్పించాలి. ఫైర్ డోర్లకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3614 ప్రకారం గుర్తింపు ఉన్న ల్యాబులో చేసిన పరీక్ష కావాలి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అలాంటి పరీక్షలు చేస్తుంది. కంపెనీ లెటర్‌హెడ్ మీద ‘120 నిమిషాలు’ అని రాసిచ్చే కాగితం రిపోర్టు కాదు. సంఘాలు సొంతంగా తలుపులు మార్పించుకునేటప్పుడు రిపోర్టు కాపీలోని కొలతలూ, హింజీల సంఖ్యా, పూరకం పేరూ వచ్చిన సరుకుతో సరిచూసుకున్నాకే బిల్లు చెల్లించాలి.

భవదీయులు,
భవనాల అగ్ని రక్షణ పనులు చూసే ఇంజినీర్లు,
హైదరాబాద్