బాబు సీటు డిక్కీలోంచి తియ్యమ్మా

చిట్టితల్లీ,

ఫోన్‌లో చెప్పబోతే ఏడుపొస్తుందని రాస్తున్నాను. మొన్న సింహాచలం నుంచి వస్తుంటే ఆరిలోవలో ఆటో అడ్డం వచ్చి, అల్లుడుగారు గట్టిగా బ్రేకు వేశారు చూడు. బాబుకి ఏమీ కాలేదన్నాను. నిజమే, దెబ్బ తగల్లేదు. కానీ వాడి నుదుటి మీద నేను పెట్టిన దిష్టిచుక్క డాష్‌బోర్డుకి అంటుకుంది. వెనకున్న నువ్వు చూడకముందే కొంగుతో తుడిచేశాను. ముందు సీట్లో నా ఒళ్లోనే ఉన్నాడు, నా రెండు చేతులూ వాడి చుట్టూనే ఉన్నాయమ్మా. అయినా వాడి తల అక్కడిదాకా వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక నాన్నకి చెప్పాను. ఆయన కాగితం తీసి లెక్క వేశారు. 50 స్పీడులో గుద్దుకోవడమంటే మూడో అంతస్తు నుంచి కింద పడినట్టేనట. ఆ క్షణంలో మన 9 కేజీల బాబు వంద కేజీలు దాటిన బరువుతో ముందుకి దూసుకుపోతాడట. పాతిక కేజీల బియ్యం బస్తాయే ఎత్తలేని దాన్ని, వాణ్ణి ఆపగలనా? పైగా బెల్టు లేకపోతే నా ఒళ్లంతా వాడి మీదే పడుతుంది. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా వాడికే ప్రమాదం.

నువ్వు ఇదంతా ముందే చెప్పావు. పసిపిల్లలకి తల బరువు, మెడ లేత, అందుకే కారులో బిగించే పిల్లల సీటు వెనక్కి తిప్పి పెట్టాలన్నావు. సరిగ్గా వాడితే పసివాళ్ల మరణాలు సుమారు 70 శాతం తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందనీ అన్నావు. "ఏడుస్తున్న బిడ్డని కట్టేస్తావా, ఇంతమందిని పెంచాం మేము" అని నేనే నీ నోరు మూయించి సీటు డిక్కీలో పెట్టించాను. తప్పు నాదే. 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో, ఇలాంటి సీటో ఉండాలని 2019లోనే చట్టంలో పెట్టారట, లేకపోతే వెయ్యి రూపాయల ఫైను. ఫైను సంగతి అటుంచు, ఆ నల్లచుక్కే నా కళ్ల ముందు నుంచి పోవట్లేదు.

ఆదివారం మధురవాడ నుంచి గాజువాక వచ్చేటప్పుడు ఆ సీటు వెనక బిగించండి. హైవే మీద లారీలెక్కువ. బెల్టు వదులుగా వదలకండి, వేళ్లతో పట్టి లాగితే మడత రాకూడదు. వాడు ఏడిస్తే ఎక్కడైనా పక్కకి ఆపి పాలు పట్టు, మళ్లీ సీట్లోనే కూర్చోబెట్టు. ఎవరేమన్నా, నేనే అన్నా సరే, ఒళ్లోకి ఇవ్వకు.

తిరుగు ప్రయాణంలో నేనూ వస్తాను. ఈసారి వెనకే, వాడి పక్కన, బెల్టు పెట్టుకుని కూర్చుంటాను. కళ్లు తిరిగితే నిమ్మకాయ వాసన చూసుకుంటాలే.

మీ అమ్మ