‘రా’కు చట్టం ఎప్పుడు?

సంపాదకుడు గారికి,

సరిహద్దులో అలజడి రేగినా, పొరుగు దేశంలో ప్రభుత్వం మారినా మన టీవీ చర్చల్లో ‘రా’ (రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్) పేరు మోగిపోతుంది. పని జరిగితే ఆహా ఓహో అంటాం, దెబ్బ తగిలితే నిఘా వైఫల్యం అంటాం. ఆ సంస్థ ఎవరికి జవాబు చెప్పాలి, ఏ అధికారంతో నడుస్తోంది అని అడిగేవాళ్లు మాత్రం కనబడరు. పౌరశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఈ మౌనం మింగుడుపడటం లేదు. 1968 నుంచి పనిచేస్తున్న మన విదేశీ నిఘా సంస్థను నెలకొల్పుతూ పార్లమెంటు చేసిన చట్టం ఇవాళ్టికీ లేదు.

అంతకుముందు దేశం లోపలి నిఘా, బయటి నిఘా రెండూ ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) చేతిలోనే ఉండేవి. 1962లో చైనా యుద్ధం, 1965లో పాకిస్థాన్ యుద్ధం ఆ ఏర్పాటులోని లోపాలను బయటపెట్టాయి. దాంతో 1968 సెప్టెంబరు 21న ఇందిరా గాంధీ ప్రభుత్వం బయటి నిఘాను విడదీసి కొత్త విభాగం పెట్టింది. రామేశ్వర్‌నాథ్ కావ్ దాని తొలి అధిపతి. 1950ల చివర్లో ఘనా వెళ్లి అక్కడి ప్రభుత్వానికి నిఘా సంస్థ కట్టిపెట్టిన అనుభవం ఆయనది. పుట్టిన మూడేళ్లకే బంగ్లాదేశ్ విమోచన యుద్ధంలో అక్కడి పోరాట దళమైన ముక్తివాహినికి అండగా నిలిచి ‘రా’ తన సత్తా చూపింది. ఆ మనుషుల తెగువ మీద నాకు రవ్వంత అనుమానం లేదు. పేరు బయటికి రాకుండా, పతకం మెడలో వేసుకుని ఊరేగే వీలు లేకుండా జీవితాంతం పనిచేసినవాళ్లకు దేశం రుణపడి ఉంది.

లాంఛనంగా చూస్తే ‘రా’ ఒక స్వతంత్ర సంస్థ కూడా కాదు, కేబినెట్ సెక్రటేరియట్‌లో ఒక విభాగం. దాని అధిపతి హోదా కార్యదర్శి, ఆయన నేరుగా ప్రధానికి నివేదిస్తారు. చట్టాల్లో దీని పేరు కనబడే చోట్లు చూడండి. నిఘా ఉద్యోగులు సంఘాలు పెట్టుకోకుండా హక్కులను పరిమితం చేసిన 1985 చట్టంలో ఉంది. 2005 సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప ఇంకేదీ ఈ సంస్థను అడగడానికి వీల్లేదని అర్థం. ఉద్యోగి ఏం చేయకూడదో, పౌరుడు ఏం అడగకూడదో చట్టం చెప్పింది. సంస్థ ఏం చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం చెప్పలేదు.

గూఢచర్యానికి చట్టాలేమిటి, గుట్టు రట్టవుతుంది కదా అంటారు. చట్టం లేకపోవడం వల్ల ముందు నష్టపోయింది ఆ సంస్థే అని నేనంటాను. ఎమర్జెన్సీ తర్వాత 1977లో జనతా ప్రభుత్వం వచ్చినప్పుడు, ‘రా’ను ఇందిర సొంత పనులకు వాడుకున్నారన్న అనుమానంతో దాని నిధులకు కోత పెట్టారు. కావ్ తప్పుకున్నారు. ఆ అనుమానం నిజమో కాదో తేల్చే పార్లమెంటరీ సంఘం ఉండి ఉంటే తప్పుంటే తప్పు బయటపడేది, లేకపోతే సంస్థ తల ఎత్తుకుని నిలబడేది. రెండూ జరగలేదు. ఒక ప్రధాని నమ్మకం మీద పెరిగిన సంస్థ, ఇంకో ప్రధాని అపనమ్మకం మీద కుంగింది.

కార్గిల్ సంగతి మరీ బాధాకరం. 1998 జూన్‌లో ఐబీ, కార్గిల్‌కు ఎదురుగా నియంత్రణ రేఖ అవతల జరుగుతున్న కదలికలపై ఒక నివేదిక తయారుచేసింది. డైరెక్టరే స్వయంగా సంతకం పెట్టారు. అది ప్రధాని దగ్గరికి, హోం మంత్రి దగ్గరికి, కేబినెట్ కార్యదర్శి దగ్గరికి వెళ్లింది. ఎవరికి వెళ్లలేదయ్యా అంటే, దాని వెంటపడి ఆరా తీయగల ‘రా’ అధిపతికి, సమాచారాన్ని బేరీజు వేయాల్సిన సంయుక్త నిఘా సంఘం అధ్యక్షుడికి, సైనిక నిఘా డైరెక్టర్ జనరల్‌కు! పైనుంచి వాళ్లకు అదే చేరుతుందని అనుకున్నానన్నది ఐబీ డైరెక్టర్ ఇచ్చిన వివరణ. కె. సుబ్రహ్మణ్యం నాయకత్వంలోని కార్గిల్ సమీక్షా సంఘం రాయకపోతే ఈ ముక్క మనకు తెలిసేదే కాదు. ఏడాది తిరగకుండానే కొండల మీద యుద్ధం వచ్చింది, 527 మంది సైనికులు ప్రాణాలు అర్పించారు. ఆ యుద్ధం నడుస్తుండగానే, బీజింగ్‌లో ఉన్న పాకిస్థాన్ సైన్యాధిపతి ముషారఫ్‌కూ రావల్పిండిలో ఉన్న ఆయన సహచరుడు జనరల్ అజీజ్ ఖాన్‌కూ మధ్య సాగిన ఫోన్ సంభాషణలను ‘రా’ చాటుగా విని పట్టుకుంది. జూన్ 11న ప్రభుత్వం వాటిని బయటపెట్టడంతో, చొరబడింది ముజాహిదీన్లేనన్న పాకిస్థాన్ మాట ప్రపంచం ముందు తేలిపోయింది. అంత నేర్పున్న సంస్థకు ముందే వచ్చిన ఐబీ నివేదికే అందకపోవడాన్ని ఏమనాలి? అది మనుషుల లోపం కన్నా ఏర్పాటులోని లోపం. ఆ ఏర్పాటును ఏటా తిరగేసి చూసే కళ్లు బయట ఎక్కడా లేకపోవడమే దానికి మూలం.

కార్గిల్ తర్వాత ఈ లోపాలను సరిదిద్దడానికి మంత్రుల బృందం కూర్చుంది. రక్షణ నిఘా సంస్థ, సాంకేతిక నిఘాకు ఎన్‌టీఆర్‌ఓ పుట్టుకొచ్చాయి. చట్టం ఊసు లేదు. ఆ బృందం నివేదికను ప్రజలకు విడుదల చేసినప్పుడు నిఘా అధ్యాయాన్ని తీసేసి మిగతాది ఇచ్చారు. 2004లో ‘రా’లో సంయుక్త కార్యదర్శి స్థాయి అధికారి రబీందర్ సింగ్, తనపై నిఘా ఉండగానే నేపాల్ మీదుగా అమెరికా జారుకున్నాడు. ఇంత పెద్ద దెబ్బను తలుపులు మూసుకునైనా విచారించే సంఘం మన పార్లమెంటుకు లేదు.

బయటి దేశాలు ఈ దారి ఎప్పుడో తొక్కాయి. అమెరికా సీఐఏ 1947లో చట్టంతోనే పుట్టింది. అయినా అది విదేశీ నాయకుల హత్యలకు పథకాలు వేసిందని 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నాయకత్వంలోని సెనేట్ సంఘం బయటపెట్టింది. మరుసటేడే సెనేట్‌లో నిఘా సంస్థలను పర్యవేక్షించే శాశ్వత సంఘం ఏర్పడింది. సీఐఏ మూతపడలేదు. బ్రిటన్ తన విదేశీ నిఘా సంస్థను 1909 నుంచి గుట్టుగా నడిపి, 1994లో చట్టం చేసింది, దాంతోపాటే ఎంపీల సంఘాన్నీ పెట్టింది. ఆ సంఘంలోని వాళ్లు అధికార రహస్యాల చట్టానికి కట్టుబడే పనిచేస్తారు. మన ఎంపీల నోట్లో నువ్వుగింజ నానదు అనేవాళ్లకు నేను చెప్పేదొకటే. రక్షణ మంత్రి, హోం మంత్రి కూడా ఎంపీలే. వాళ్లు దాచగలిగిన రహస్యాన్ని ప్రమాణం చేసిన మరో పది మంది దాచలేరా? జరుగుతున్న ఆపరేషన్ల జోలికి సంఘం పోనక్కర్లేదు. ముగిసినవి, ఖర్చులు, నియామకాలు, సంస్థల మధ్య సమన్వయం చూస్తే చాలు.

ఈ మాట నేను కొత్తగా అంటున్నదీ కాదు. 2010లో నాటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ, కావ్ స్మారకోపన్యాసంలోనే పార్లమెంటరీ పర్యవేక్షణ కావాలన్నారు. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ ఇందుకోసం ప్రైవేటు సభ్యుడి బిల్లు (మంత్రి కాని ఎంపీ పెట్టే బిల్లు) పెట్టారు. అది చట్టం కాలేదు. 2013లో గువాహటి హైకోర్టు, చట్టం లేకుండా ప్రభుత్వ తీర్మానంతో పుట్టిన సీబీఐ చెల్లదని తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు వెంటనే స్టే ఇవ్వబట్టి సరిపోయింది. అలాంటి ప్రశ్న రేపు ‘రా’ మీద పడితే ప్రభుత్వం ఏం చూపిస్తుంది?

ఇంకో కిటికీ కూడా మూసుకుపోతోంది. ‘రా’ చరిత్రలో మనకు తెలిసినదాంట్లో చాలా భాగం రిటైరైన అధికారుల జ్ఞాపకాల వల్ల తెలిసిందే. నిఘా సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్లు తమ సంస్థ గురించి ముందస్తు అనుమతి లేకుండా ప్రచురించకూడదని 2021లో పెన్షన్ నిబంధనలు మార్చారు. పెన్షన్ పోతుందన్న భయంతో ఎవరు కలం పడతారు? రహస్యాలు కాపాడాల్సిందే, కాదనను. యాభై ఏళ్ల కిందటి సంగతి కూడా రహస్యమేనా?

మన తెలుగు ఎంపీలు ఏ పార్టీవారైనా దీన్ని సభలో అడగాలని కోరుతున్నాను. ప్రైవేటు బిల్లుల వల్ల అయ్యే పని కాదిది, ప్రభుత్వమే బిల్లు తేవాలి. ‘రా’ పరిధి, అధికారాలు, ఉభయ సభల సంఘం, ఏటా ఆ సంఘానికి నివేదిక అందులో ఉండాలి. అందాకా కనీసం 2021 నిబంధనను సవరించి, పాతికేళ్లు దాటిన ఘట్టాల గురించి రాసే స్వేచ్ఛ రిటైరైన అధికారులకు ఇవ్వాలి.

ఇట్లు,
రిటైరైన పౌరశాస్త్ర ఉపాధ్యాయుడు