సింకు కింద తిరగని కాక్

నల్లకుంట,
ఆదివారం సాయంత్రం

చిట్టితల్లికి, నాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాం. మీ దగ్గర పది రోజులూ బాగా గడిచాయి. ఒక్క విషయం అక్కడే చెబుదామనుకున్నాను గానీ, అల్లుడుగారి ముందు ఇంట్లో లోపాలు ఎత్తడం బాగుండదని ఊరుకున్నాను. ఫోన్లో చెబితే "సరే నాన్నా, చూస్తాం" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

మొన్న గురువారం మీరిద్దరూ ఆఫీసుకు వెళ్ళాక, ఉల్లిపాయల బుట్ట కోసం సింకు కింద తలుపు తీశాను. గోడలోంచి వచ్చే యాంగిల్ కాక్‌లు, అంటే పైన నల్లాకి నీళ్ళు వెళ్ళకుండా కట్టేసేవి, రెండూ కనబడ్డాయి. చన్నీళ్ళ కాక్ మెడ చుట్టూ పచ్చటి చిలుము, దాని మీద తెల్లటి ఉప్పు పెచ్చు. గోటితో గీకితే సుద్దలా రాలింది. తిప్పి చూద్దామని చెయ్యి వేస్తే కదల్లేదు. వేణ్ణీళ్ళది తిరిగింది గానీ, పూర్తిగా మూసి పైన నల్లాను వేడి వైపు తిప్పితే దారంలా నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఒకటి మూసుకోదు, రెండోది మూసినా ఆపదు. మీరు ఆ ఇంట్లో చేరి ఏడాదిన్నర. ఒక్కసారైనా వాటిని ముట్టుకున్నారా?

నల్లా కట్టేస్తే నీళ్ళు ఆగుతున్నాయిగా అంటావు. ఆగుతాయి. కాక్‌కీ నల్లాకీ మధ్య స్టీలు అల్లికతో ఒక కనెక్షన్ పైపు ఉంటుంది చూశావా, అది పగిలిన రోజున పైన నల్లాతో పని ఉండదు. పైకి స్టీలే కానీ లోపల రబ్బరే. ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి చిట్లుతుంది, చిట్లే ముందు చెప్పదు.

నీ ఏడో తరగతి పరీక్షలప్పుడు హాల్లోకి నీళ్ళొచ్చి, నీ పుస్తకాలన్నీ మంచం మీదికి ఎక్కించాం, గుర్తుందా? పైపు పాతదై విరిగిందని అందరికీ చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత నిజం ఒప్పుకుంటున్నాను. విరగ్గొట్టింది నేనే. నల్లా వాషర్ మారుద్దామని కింద కాక్ తిప్పబోతే తిరగలేదు. ప్లంబర్‌ని పిలిస్తే ఆలస్యమని, పెద్ద పానా వేసి ఒళ్ళంతా బలం పెట్టి తిప్పాను. కాక్ తిరగలేదు, దాని వెనక గోడలో ఉన్న ఇనప నిపుల్, అదే పొట్టి పైపు ముక్క, పుటుక్కున విరిగింది. మేడ మీదికి పరుగెత్తి ట్యాంకు దగ్గర గేట్ వాల్వ్ తిప్పితే అది తిరుగుతూనే ఉంది. నీళ్ళకి అడ్డం పడే లోపలి పలక కాడ నుంచి ఊడిపోయిందని తర్వాత తెలిసింది. ఆఖరికి పంచె ఎగగట్టి సిమెంటు ట్యాంకులోకి దిగి, తువ్వాలు ఉండ చుట్టి పైపు మూతిలో కుక్కాను. ఈలోగా కింద మీ అమ్మ, అప్పడాల కర్ర సన్నటి కొసకి పాలిథిన్ కవరు చుట్టి, గోడ కన్నంలో దూర్చి, రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది. పక్కనే బియ్యం బస్తా తడుస్తున్నా చెయ్యి తియ్యలేదు. ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత అన్నదిలే.

అసలు ఇవి ఎందుకు బిగుసుకుంటాయంటే, ఎవరూ తిప్పరు కనక. మీ నిజాంపేటలో సంపులో పడేవి నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు అన్నీ కలిపి. మన హైదరాబాదు కింద ఉన్నది గ్రానైట్ రాయి, ఆ పగుళ్ళలోంచి తోడిన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. మీ గీజరులో, కెటిల్ అడుగున పట్టే తెల్లటి పొరే కాక్ మరల్లోనూ పడుతుంది. పాత రకం కాక్‌లో కాడ చివర రబ్బరు వాషర్ ఉంటుంది. ఎన్నో చుట్లు తిప్పితే అది కిందికి దిగి రంధ్రాన్ని మూస్తుంది. వాషర్ గట్టిపడితే మూసినా కారుతుంది. మీవి ఆ రకమే. ఇప్పుడు వచ్చేవాటిలో రెండు సిరామిక్ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. పావు చుట్టు తిప్పితే చాలు, మూసి ఉందో తెరిచి ఉందో పిడిని చూస్తేనే తెలిసిపోతుంది. నా మటుకు అవే నయం.

ఇంకోటి. మీరు ఐదంతస్తుల బిల్డింగులో రెండో అంతస్తులో ఉన్నారు. ట్యాంకు నుంచి పది మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరుకి కిలో ఒత్తిడి. ఐదో అంతస్తు వాళ్ళకి సన్నగా వచ్చే నీళ్ళే మీ వంటింట్లో విరుచుకుపడతాయి.

కాబట్టి నువ్వు మాత్రం ఆ కాక్ మీద బలం పెట్టకు. అల్లుడుగారికీ చెప్పు, ఆయనకి పానా అంటే సరదా ఎక్కువని ఫ్యాన్ బిగించినప్పుడే చూశాను. గోడలో ఉన్నది సీపీవీసీ ఎల్బో, అంటే ప్లాస్టిక్ పైపు మలుపు ముక్క, మెలితిప్పితే అక్కడే చిట్లుతుంది. అప్పుడు టైల్స్ పగలగొట్టాలి.

రేపు చెయ్యాల్సింది ఒక్కటే. మీ ఫ్లాటు మొత్తానికి నీళ్ళు ఆపే వాల్వ్ ఎక్కడుందో వాచ్‌మన్‌ని అడిగి, స్వయంగా తిప్పి చూడు. బాత్రూం అటకలో ఉండొచ్చు, పైపులన్నీ దిగే డక్టు సందులో ఉండొచ్చు. కొన్ని బిల్డింగుల్లో ఒక వరస ఫ్లాట్లన్నిటికీ కలిపి మేడ మీద ఒకటే ఉంటుంది. అలాగైతే ఇరుగుపొరుగుకి చెప్పకుండా కట్టెయ్యకూడదు, ఎవరో ఒంటికి సబ్బు రాసుకుని ఉంటారు. నీళ్ళు కట్టే ముందు గీజరు స్విచ్ తీసెయ్యి. వాల్వ్ మూశాక వంటింటి నల్లా తెరిస్తే కాసేపటికి ధార పూర్తిగా ఆగాలి. ఆగకపోతే వెంటనే నాకు ఫోన్ చెయ్యి, ముందు దాని సంగతే చూద్దాం.

ఓనరుగారికి కాక్‌ల ఫోటో వాట్సాప్‌లో పెట్టు. పాతబడి పాడయినవి కనక ఖర్చు ఆయన పెట్టుకోవడమే న్యాయం. పెట్టుకోనంటే వాదనకి దిగకు. ఇల్లు ఆయనదే అయినా, తడిసేది నీ గోధుమపిండి డబ్బా.

నేను శనివారం రాణిగంజ్ వెళ్ళి రెండు ఇత్తడి కాక్‌లు తెస్తాను. చేతిలో పట్టుకుంటే బరువు తెలియాలి, తేలిగ్గా ఉన్నవి పైన మెరుపే. కనెక్షన్ పైపులు కూడా రెండూ మార్చేద్దాం. మన వీధి చివర ప్లంబర్ నాతో వస్తానన్నాడు. మరల మీద టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి సరిపెట్టే రకం కాదు, నిదానస్తుడు. బిగించాక కింద పాత పేపరు పరిచి రాత్రంతా వదిలేస్తాం, ఒక్క చుక్క పడినా మచ్చ కనబడుతుంది.

ఆదివారం పదింటికల్లా వస్తాం. సింకు కింద సామానంతా తీసి, ఒక బకెట్, రెండు పాత తువ్వాళ్ళు సిద్ధంగా ఉంచు. అమ్మ గోంగూర పచ్చడి పంపిస్తానంటోంది, ఖాళీ సీసా కడిగిపెట్టు.

నాన్న