నవంబర్ వార్తాలేఖ: పేరు తెలియని తెల్లమచ్చ

హనుమకొండ

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు అయిపోగానే రాస్తానన్న ఉత్తరం ఇది, కొంచెం ఆలస్యమైంది. ఫీజులు, బస్సు టైమింగుల సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెబుతాను. ముందు పదో తరగతి బయాలజీ రికార్డుల గురించి మాట్లాడాలి. మీ పిల్లలు ఇంకా పదికి రాకపోయినా చదవండి. ఎప్పుడో ఒకప్పుడు వస్తారు కదా.

పోయిన నెల చివర్లో రెండు సెక్షన్ల రికార్డులు నా టేబుల్ మీదికి వచ్చాయి. క్లోమం (పాంక్రియాస్) బొమ్మ ఉన్న పేజీ దగ్గర అన్నీ తెరిచి వరుసగా పేర్చాను. ఒకే బొమ్మ. అదే వంపు, అదే చోట నాళం, అవే మూడు గులాబీ గుండ్రాలు, స్కేలు పెట్టి లాగిన అవే గీతలు. కొన్నయితే మరీ అందంగా ఉన్నాయి. ఆ చెయ్యి పదిహేనేళ్ల పిల్లలది కాదని నాకు తెలుసు, మీకూ తెలుసు. డబ్బులిస్తే రికార్డు గీసి పెట్టేవాళ్ళు జిరాక్సు షాపుల దగ్గర దొరుకుతారని విన్నాను. కొన్ని ఇళ్లలో అక్కలు, కొన్ని ఇళ్లలో అమ్మలే రాత్రి పన్నెండు దాకా కూర్చున్నారట. మార్కులు పోతాయేమోనన్న మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కోపం రాలేదు గానీ దిగులేసింది. ఎందుకంటే మన ల్యాబ్‌లో క్లోమం స్లైడ్లు ఉన్నాయి. ఒక్కరూ వాటిని చూసి గీయలేదు. అందులో పిల్లల తప్పేమీ లేదు, బీరువాకు తాళం వేసి పెట్టింది మేమే.

తాళం తీశాం. వారం రోజులు ఏడో పీరియడ్‌లో బయాలజీ మేడమ్‌తో పాటు నేనూ ల్యాబ్‌లో కూర్చున్నాను. పుస్తకం బయట పెట్టి రావాలి, కనిపించిందే గీయాలి, పేరు తెలియకపోతే 'తెలియదు' అని రాయాలి. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

కొందరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, బడిలో ఏ జంతువునూ కోయలేదు, కోయం. ఇవి తయారుగా కొన్న స్లైడ్లు. చుంచెలుక, గినీపిగ్, కుందేలు. కణజాలాన్ని మైనంలో గడ్డకట్టించి, మిల్లీమీటరులో సుమారు రెండు వందలవ వంతు మందాన పొరలు కోసి, రంగులు పట్టిస్తారు. ఊదా రంగు ఇచ్చేది హెమటాక్సిలిన్, ఒక చెట్టు చేవ నుంచి తీస్తారు. గులాబీ రంగు ఇయోసిన్‌ది.

మనిషి క్లోమం జీర్ణాశయం వెనకాల జానెడు పొడవున ముద్దగా ఉంటుంది. చుంచెలుకలో అలా ఉండదు. చిన్న పేగు వంపులో, జీర్ణాశయం పక్కన పలచటి జాలరులా పరుచుకుని ఉంటుంది. అందుకే మొదటిసారి చూసిన పిల్లలు "మేడమ్, ఇందులో బొమ్మలో ఉన్నట్టు ఏమీ లేదు" అన్నారు. లేదు మరి.

నలభై రెట్ల లెన్స్ పెట్టాక ఒకమ్మాయి చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత అంది, "మేడమ్, బతుకమ్మ ఆడుతున్నట్టుంది." వెళ్లి చూశాను. నిజమే. గుమ్మటాల్లాంటి కణాలు ఏడెనిమిది గుండ్రంగా నిలబడి ఉన్నాయి. వెలుపలి వైపు వెడల్పు, లోపలి వైపు సన్నం. అందరి ముఖాలూ మధ్యకే. బయటి అంచున ముదురు ఊదా, అక్కడే కేంద్రకం. మధ్యకు తిరిగిన వైపు సన్నటి గులాబీ గింజలు కిక్కిరిసి ఉన్నాయి. నడుమ బతుకమ్మ ఉండాల్సిన చోట చిన్న సందు. ఆ సందులోకి కారేదే క్లోమరసం. నేను ముప్పై ఏళ్లుగా దీన్ని 'ద్రాక్షగుత్తిలా ఉంటుంది' అని చెప్పిస్తూ వచ్చాను. మన ఊళ్లో ద్రాక్షతోట చూసినవాళ్ళు ఎందరు? సద్దుల బతుకమ్మ చూడనివాళ్ళు ఎవరు? ఇకమీదట బతుకమ్మ అనే చెబుతాను.

ఆ గులాబీ గింజల్లో ఉండేవి మాంసకృత్తులనూ పిండిపదార్థాన్నీ కొవ్వునూ అరిగించే ఎంజైములు. వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "మాంసాన్ని అరిగించేది పొట్టలో పెట్టుకుని, తనను తాను తినేయదా?" మంచి ప్రశ్న. మాంసకృత్తులను కోసే ఎంజైములను క్లోమం నిద్రావస్థలోనే తయారుచేసి దాస్తుంది. చిన్న పేగులోకి చేరాకే అక్కడి మరో ఎంజైము, నిద్రలో ఉన్న ట్రిప్సినోజన్ అనే ఎంజైమును తట్టి లేపి ట్రిప్సిన్‌గా మారుస్తుంది. అయితే జంతువు చనిపోయాక ఈ కట్టుబాటు నిలవదు. క్లోమం తొందరగా చెడిపోతుంది, దాన్ని వెంటనే మందు ద్రావణంలో వేయకపోతే స్లైడు పనికిరాదు.

గినీపిగ్ స్లైడు దగ్గర నేనే కాస్త ఎక్కువ మాట్లాడానని పిల్లలు ఇంట్లో చెప్పే ఉంటారు. ఏం చేయను, నాకు ఇష్టమైన కథ అది. జార్జ్ పలాడే, జేమీసన్ అనే ఇద్దరు 1967లో గినీపిగ్ క్లోమపు ముక్కలకు రేడియోధార్మిక లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మూడు నిమిషాలు మాత్రమే అందించారు. తర్వాత మామూలు లూసిన్ పోస్తూ, గుర్తు పెట్టిన సరుకు కణంలో ఎటు పోతోందో వెంటబడి చూశారు. మూడో నిమిషంలో, మాంసకృత్తులు తయారయ్యే గరుకు అంతర్జీవ ద్రవ్యజాలంలో ఉంది. అక్కడి నుంచి గాల్జీకి, అంటే సరుకును సర్ది పంపే సంచుల దొంతరకు చేరింది. ముప్పై ఏడో నిమిషానికి గాల్జీ పక్కన గడ్డకడుతున్న సంచుల్లోకి వచ్చింది. సుమారు రెండు గంటలకు గింజల్లో సర్దుకుంది. మనం కాజీపేట జంక్షన్‌లో ఒక వ్యాగన్‌కు సున్నపు గుర్తు పెట్టి, అది ఏ ప్లాట్‌ఫారం మీదికి ఎప్పుడు వస్తుందో రాసుకున్నట్టు. కణం తన మాంసకృత్తులను ఎలా తయారుచేసి బయటకు పంపుతుందో అలా తేలింది. 1974లో పలాడేకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. కణం అడుగున కనిపించే ముదురు ఊదా అంతా ఆ గరుకు ద్రవ్యజాలమే. మన స్లైడులో విడిగా కనిపించదు, మరకలా కనిపిస్తుంది.

ఇక అసలు విషయం. ఒకబ్బాయి రికార్డులో బతుకమ్మల మధ్య ఒక పాలిపోయిన మచ్చ గీశాడు. చిన్న చిన్న కణాలు, గింజలు లేవు, వరుస లేదు, మధ్యలో సందూ లేదు. పక్కన బాణం గుర్తు పెట్టి 'పేరు తెలియదు, వెంట్రుక మందం ఉంటుంది, ఇలాంటివి నాలుగు చూశాను' అని రాశాడు. బయాలజీ మేడమ్ ఆ పేజీని మళ్లీ గీయమని వెనక్కి ఇవ్వబోతుంటే ఆపాను.

1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి చేసింది అచ్చంగా ఇదే. వయసు ఇరవై ఒకటి. ఎక్కువగా కుందేలు క్లోమం మీద పనిచేసి, అందులో అక్కడక్కడా ఈ తేటైన కణాల గుంపులున్నాయని తన సిద్ధాంత వ్యాసంలో రాశాడు. అవి ఏం చేస్తాయో తెలియదని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. వాటికి 'లాంగర్‌హాన్స్ ద్వీపాలు' అని పేరు పెట్టింది 1893లో లగెస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. అప్పటికి లాంగర్‌హాన్స్ చనిపోయి ఐదేళ్లయింది. మన పుస్తకాల్లో 'పుటికలు' అని ఉంటుంది. నాకు ద్వీపాలే బాగుంటుంది. లక్నవరం చెరువు చూసినవాళ్లకు ఇక వివరించక్కర్లేదు. చెరువంతా జీర్ణరసపు కణాలు, నడుమ అక్కడక్కడా ద్వీపాలు. మొత్తం క్లోమంలో ఇవి నూటికి ఒకటి రెండు వంతులే. తేడా ఏమిటంటే ఈ ద్వీపాలకు వేలాడే వంతెన లేదు, నాళం లేదు. సన్నటి రక్తకేశనాళికలు అల్లుకుని ఉంటాయి, సరుకు నేరుగా రక్తంలోకి పోతుంది. ఆ సరుకే ఇన్సులిన్. ద్వీపానికి లాటిన్ మాట 'ఇన్సులా', దాని పేరు అందులోంచే.

"బీటా కణాలు ఏవి మేడమ్?" అని అందరూ అడిగారు. ద్వీపాల్లో ఇన్సులిన్ తయారుచేసేవి అవే. మన స్లైడులో కనిపించవు. మామూలు ఊదా, గులాబీ రంగులతో బీటా కణాలూ, ద్వీపాల్లోనే ఉండే మరో రకమైన ఆల్ఫా కణాలూ విడివిడిగా తెలియవు, వేరే పద్ధతులు కావాలి. 1907లో లేన్ అనే అతను గినీపిగ్ ద్వీపాల్లో ఈ రెండు రకాలనూ విడదీసి చూపించాడు. చుంచెలుకలో బీటా కణాలు నడుమ ముద్దగా, ఆల్ఫా కణాలు చుట్టూ అంచులా ఉంటాయి. మనిషిలో అంత పొందిక లేదు, రెండూ కలగలిసి ఉంటాయి. ఒకమ్మాయి ఇంటికి వెళ్లి ఫ్రిజ్‌లో ఉన్న నానమ్మ ఇన్సులిన్ పెన్ను తీసి, దాని మీద రాసిందంతా నోట్సులో ఎక్కించుకుని వచ్చింది. పెన్ను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టిందని ఆమె హామీ ఇచ్చింది. అయినా నానమ్మగారు ఒకసారి చూసుకోగలరు.

కుందేలు స్లైడు గురించి ఒక ఒప్పుకోలు. అది పగిలింది, పగలగొట్టింది నేనే. నలభై లెన్స్ పెట్టి ఉండగా చిన్న నాబ్ బదులు పెద్ద నాబ్ తిప్పాను. టక్‌మంది. ల్యాబంతా నిశ్శబ్దం. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు, నేనూ నవ్వాను. స్లైడు డబ్బులు నా జీతంలోంచి కట్టాను.

రికార్డుల సంగతి ఇదీ. క్లోమం పేజీ మళ్లీ గీయాలి, ల్యాబ్‌లోనే, పెన్సిలుతో. ఇంటికి పంపం. బొమ్మ వంకరగా ఉన్నా, పేర్లు తక్కువైనా మార్కులు కోయం. చూడనిది గీస్తే మాత్రం కోస్తాం. ఆ తెల్లమచ్చ పేజీకి పూర్తి మార్కులు పడ్డాయి. దయచేసి అక్కలను, జిరాక్సు షాపులను ఈ ఒక్క పేజీ నుంచి వదిలేయండి.

మిగతావి: రెండో విడత ఫీజు నెలాఖరులోగా ఆఫీసులో కట్టి రసీదు తీసుకోండి. చలి మొదలైంది, బస్సు పది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరుతుంది. స్వెటర్ ఏ రంగుదైనా పర్వాలేదు.

ఈ నెల మూడో శనివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా ల్యాబ్ మీకోసం తెరిచి ఉంటుంది. పిల్లలే చూపిస్తారు. కళ్లజోడు తీసి కంటిని కటకానికి దగ్గరగా పెట్టండి, సరిగా కనిపించకపోతే చిన్న నాబ్ మెల్లగా తిప్పండి. పెద్ద నాబ్ జోలికి పోకండి. పోతే ఏమవుతుందో పైన రాశాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు