సెలవు రోజున షట్టర్ ఎత్తాలా? మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో సమావేశాలు, ఖర్చులు, కొత్త సభ్యత్వాలు వరసగా చెప్పుకుంటూ పోతాం. ఈసారి వాటిని చివర్లో రెండు ముక్కల్లో చెబుతాను. ఎందుకంటే ఏడాది పొడుగునా మన సమయమంతా ఒకే ప్రశ్నకు సరిపోయింది: ప్రభుత్వ సెలవు రోజుల్లో షాపులు తెరవాలా, వద్దా? మన సంఘంలో షాపు యజమానులున్నారు, ఆ షాపుల్లో పనిచేసేవాళ్ళున్నారు, అక్కడ కొనుక్కునే కుటుంబాలున్నాయి. ముగ్గురిదీ తలో మాట. మూడింట్లోనూ నిజముంది. తేలడానికి ఇంతకాలం పట్టింది అందుకే.

ప్రశ్న ఎక్కడ మొదలైంది

ఒక సమావేశం చివర్లో, అందరూ కుర్చీలు సర్దుతుండగా, షాపు కౌంటర్లో పనిచేసే ఒక సభ్యురాలు లేచి మాట్లాడింది. తనకు సెలవు ఇవ్వలేదని ఆవిడ అనలేదు. పండగ రోజున డ్యూటీ పడింది, దానికి బదులు ఆ తర్వాతి మంగళవారం కాంప్ ఆఫ్ వచ్చింది. ఆ మంగళవారం పిల్లలు స్కూలుకు వెళ్ళారు, భర్త పనికి వెళ్ళాడు. పొద్దున బట్టలు ఉతికి ఆరేసి, మధ్యాహ్నం ఒక్కతే భోంచేసి, సాయంత్రం పిల్లలు వచ్చేదాకా గోడ గడియారం చూస్తూ కూర్చుందట. రిజిస్టర్ ప్రకారం ఆవిడకు రావలసిన సెలవు వచ్చేసినట్టే. ఆవిడ మాత్రం అది తనకు రానట్టే లెక్క అంది. ఎవరూ ఏమీ అనలేకపోయాం. కుర్చీలు మళ్ళీ వేసుకుని కూర్చున్నాం.

ఆ మాట విన్నాక కార్యవర్గం చదవడం మొదలుపెట్టింది. చదివినకొద్దీ ఒకటి స్పష్టమైంది. షాపు సెలవు వేరు, మనిషి సెలవు వేరు. ఒకప్పుడు చట్టాలు ఈ రెంటినీ కలిపే చూసేవి, ఇప్పుడు విడదీస్తున్నాయి. భారతదేశంలో 1942 నాటి వారపు సెలవుల చట్టం, అది అమలైన చోట్ల, షాపునే వారానికొక రోజు మూయమంది. షాపు మూస్తే అందులో ఉన్నవాళ్ళందరికీ సెలవే. 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా బిల్లు దారి వేరు. పది మంది, అంతకు పైగా పనివాళ్ళున్న షాపులు ఏడాదిలో 365 రోజులూ తెరిచి ఉంచుకోవచ్చు, పనిచేసేవాళ్ళకు మాత్రం సెలవులు ఇవ్వాలి అంటుంది. కాగితం మీద చూస్తే ఎవరికీ ఏమీ తగ్గలేదు. కానీ వంతులవారీగా వచ్చే సెలవు, అందరితో కలిసి వచ్చే సెలవు ఒకటి కావని ఆ మంగళవారం కథ విన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. 1957లో చేసిన 106వ ఒడంబడిక, వాణిజ్య సంస్థల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు ఏడు రోజుల్లో కనీసం 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఇవ్వాలంది. అక్కడితో ఆగలేదు. వీలైనంతవరకు ఒక సంస్థలో వాళ్ళందరికీ ఒకేసారి ఇవ్వాలి, ఆ ప్రాంతంలో ఆనవాయితీగా సెలవుగా ఉన్న రోజునే ఇవ్వాలి అని కూడా రాశారు. ‘ఒకేసారి’ అన్న ఆ ఒక్క మాట కోసం నేను ఆ పేరా నాలుగైదు సార్లు చదివాను.

యజమానుల కష్టం

యజమానులను దోషులుగా చూపే ఉద్దేశం మాకు లేదు. ఒక చిన్న షాపు యజమాని తన సెలవు రోజు ఎలా గడుస్తుందో చెప్పాడు. షట్టర్ పూర్తిగా దించడు, నడుము దాకా దింపి ఉంచుతాడు. లోపల ఒక్క లైటు వేసి ఉంటుంది. తెలిసిన గిరాకీ ఫోన్ చేసి ఒక్క వస్తువే కదా అంటాడు, తల వంచి లోపలికి వస్తాడు, ఈయన ఒక చెయ్యి షట్టర్ మీద పెట్టి రోడ్డు వంక చూస్తూ రెండో చేత్తో సామాను అందిస్తాడు. పూర్తిగా మూసేస్తే ఆ గిరాకీ పక్క వీధికి వెళ్తాడు. ఒక్క రోజు వెళ్తే ఫర్వాలేదు, అక్కడే అలవాటు పడితేనే నష్టం. అందుకని ఆ రోజు ఆయనకు బేరమూ సరిగ్గా జరగదు, విశ్రాంతీ ఉండదు.

దీనికి మూలం ఎదురు షాపు. అది తెరిస్తే నేనూ తెరవాలి, నేను తెరిస్తే అతనూ తెరవాలి. ఇద్దరికీ లోపల మూయాలనే ఉంటుంది. ఇది కొత్త జబ్బేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో షాపులు పెందలాడే మూసేద్దామని పెద్ద ఉద్యమమే నడిచింది. వర్తకులు మాట అనుకునేవాళ్ళు, ఒక్కడు మాట తప్పగానే మిగతా అందరూ దీపాలు వెలిగించేవాళ్ళు. మాటతో కాదని తేలాకే చట్టం వచ్చింది. అక్కడ బ్యాంకు సెలవుల చట్టాన్ని 1871లో తెచ్చిన పార్లమెంటు సభ్యుడు జాన్ లబ్బాక్, 1886లో షాపుల్లో పనిచేసే 18 ఏళ్ళలోపు పిల్లల పని గంటలకు కూడా హద్దు పెట్టించాడు. ఆ హద్దు ఎంతో చూడండి: భోజనం వేళతో కలిపి వారానికి 74 గంటలు. అది పిల్లలకు దొరికిన ఊరట! షాపు ఉద్యోగులకు వారంలో ఒక పూట సెలవు చట్టంగా రావడానికి 1911 దాకా ఆగాల్సి వచ్చింది.

అమెరికాలో ఇదే కథ అటూ ఇటూ నడిచింది. నవంబరులో కుటుంబాలు కలిసి భోంచేసే థ్యాంక్స్‌గివింగ్ పండగ గురువారం నాడు మూసి ఉండే పెద్ద చైన్ షాపులు 2010 తర్వాతి సంవత్సరాల్లో ఒకదాన్ని చూసి ఒకటి సాయంత్రానికే తెరవడం మొదలుపెట్టాయి. 2020లో కరోనా వల్ల చాలా వరకు మూసేశాయి. తర్వాత వాటిలో చాలా మళ్ళీ ఆ రోజున తెరవలేదు. అందరూ కలిసి మూస్తే ఎవరి గిరాకీ ఎవరికీ పోదని అనుభవం మీద తెలిసింది. మన యజమానుల్లో ఎక్కువమందిని ఆలోచనలో పడేసింది ఈ ఉదాహరణే.

కొనేవాళ్ళ మాట

వారంలో ఆరు రోజులు పొద్దున వెళ్ళి రాత్రి వచ్చేవాళ్ళకు సెలవు రోజు తప్ప బజారుకు వెళ్ళే తీరిక ఉండదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు షాపు దాకా నడిచి వెళ్ళి ఇద్దరితో మాట్లాడి రావడమే ఆ రోజుకు కాలక్షేపం. వీళ్ళ మాట కొట్టిపారేయలేం. ప్రజలకు ఇష్టం లేని మూసివేత నిలవదు కూడా. హంగరీలో 2015 మార్చిలో ఆదివారాలు చాలా షాపులు మూయాలని చట్టం తెచ్చారు, జనం వ్యతిరేకత చూసి ఏడాది తిరిగేసరికి, 2016 ఏప్రిల్లో, వెనక్కి తీసుకున్నారు. దక్షిణ కొరియాలో చిన్న వర్తకులను కాపాడాలని 2012 నుంచి పెద్ద మార్టులను నెలకు రెండు రోజులు మూయిస్తున్నారు. అవి ఎక్కువగా ఆదివారాలే. 2023 నుంచి కొన్ని నగరాలు ఆ సెలవును మామూలు రోజులకు మార్చేసుకున్నాయి.

ఆన్‌లైన్ వ్యాపారం గురించి యజమానులు అడిగిన ప్రశ్న గట్టిది. మేం షట్టర్ దించితే ఆ ఆర్డరు ఫోన్లోకి పోతుంది, గోడౌన్లో ఒకరు ప్యాక్ చేస్తారు, బండి మీద ఒకరు తెస్తారు, మరి వాళ్ళకు సెలవు వద్దా అని. కావాలి. ఏ నియమం పెట్టుకున్నా డెలివరీ చేసేవాళ్ళకు కూడా వర్తించేలా రాయాలని కార్యవర్గం ఏకగ్రీవంగా అనుకుంది.

మేం ప్రతిపాదిస్తున్నది

చర్చలన్నీ అయ్యాక ఒక మాట మీదికి వచ్చాం. ఏడాదిలో కొద్ది రోజులు, చాలా కొద్ది రోజులు, పెద్దా చిన్నా తేడా లేకుండా అందరూ షట్టర్ దించాలి. న్యూజిలాండ్‌లో 1990 నాటి చట్టం ప్రకారం చాలా షాపులకు అలాంటివి మూడున్నర రోజులే: క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ఆదివారం, యుద్ధాల్లో పోయిన సైనికులను తలచుకునే ఏంజాక్ దినం మధ్యాహ్నం ఒంటిగంట దాకా. ఫ్రాన్స్‌లో పబ్లిక్ హాలిడేలు చాలా ఉన్నా, చట్టం తప్పనిసరిగా జీతంతో పని ఆపించేది మే 1న మాత్రమే. ఆ రోజూ పని తప్పని చోట్ల రెట్టింపు జీతం ఇవ్వాలి. రోజులు తక్కువైతే కొనేవాళ్ళకు ఇబ్బంది తక్కువ, పాటించడం తేలిక. ఆ రోజులు ఏవన్నది సభ్యుల ఓటుతోనే తేలాలి.

మిగతా సెలవుల్లో తెరవాలనుకున్నవాళ్ళు తెరవచ్చు. యజమాని తానే కౌంటర్లో కూర్చుంటానంటే ఎప్పుడైనా కూర్చోవచ్చు. పోలండులో ఆదివారాలు షాపులు మూయించే చట్టం 2018 మార్చి నుంచి అమలైంది, అందులో ఈ వెసులుబాటు ఉంది. కానీ అక్కడ జరిగిన పొరపాటు నుంచి నేర్చుకోవాలి. పోస్టాఫీసు సేవలకు మినహాయింపు ఇస్తే, పెద్ద చైన్లు పార్సిళ్ళు తీసుకునే కేంద్రాలుగా పేరు రాయించుకుని తలుపులు తెరిచాయి. 2022లో చట్టం మార్చి ఆ కన్నం పూడ్చాల్సి వచ్చింది. మన మినహాయింపులు కొద్దిగా, స్పష్టంగా ఉండాలి.

జీతానికి పనిచేసేవాళ్ళ విషయంలో మాత్రం మేం గట్టిగా ఉన్నాం. సెలవు రోజున పనికి రావడం వాళ్ళ ఇష్టం మీద జరగాలి. ఆ ఇష్టం ప్రతి సెలవుకూ విడిగా అడిగి తీసుకోవాలి. ఉద్యోగంలో చేరిన రోజున పది కాగితాల మధ్య పెట్టించుకున్న సంతకం ఇష్టం కాదు. ఉద్యోగం కావాలనుకున్న మనిషి ఆ రోజు దేని మీదైనా సంతకం పెడతాడు. న్యూజిలాండ్ 2016లో ఈస్టర్ ఆదివారం తెరిచే నిర్ణయం స్థానిక కౌన్సిళ్ళకు వదిలినప్పుడు, కారణం చెప్పకుండానే రానని చెప్పే హక్కు షాపు ఉద్యోగికి ఇచ్చింది. ఆ హక్కు ఉందని యజమానే కనీసం నాలుగు వారాల ముందు రాతపూర్వకంగా తెలపాలి. మాకు బాగా నచ్చింది ఈ రెండో భాగం. హక్కు ఎక్కడో చట్టంలో ఉండటం వేరు, అది ఉందని యజమాని నోటితోనే వినడం వేరు. అలా విన్నవాడికి వద్దనడానికి ధైర్యం వస్తుంది.

డబ్బు దగ్గర పూర్తి ఏకాభిప్రాయం రాలేదు. డబుల్ జీతమూ కాంప్ ఆఫ్ రెండూ ఇవ్వాలని ఉద్యోగులు, ఏదో ఒకటి చాలని చిన్న షాపులవాళ్ళు పట్టుబట్టారు. ఏదో ఒకటే ఇచ్చే పక్షంలో, ఏది కావాలో పనిచేసినవాళ్ళే ఎంచుకోవాలన్న దగ్గర ప్రస్తుతానికి ఆగాం.

మెడికల్ షాపుల వంతు

మందుల విషయంలో వాదనే లేదు. ఏ సెలవైనా ఒక మెడికల్ షాపు తెరిచి ఉండాల్సిందే, అలాగని అన్నీ తెరవక్కర్లేదు. జర్మనీలో ఫార్మసీలు రాత్రులు, ఆదివారాలు, సెలవు రోజులు వంతులవారీగా తెరుస్తాయి. మూసి ఉన్న ఫార్మసీ ముందు నిలబడితే దగ్గర్లో ఏది తెరిచి ఉందో అక్కడే రాసి ఉంటుంది. అదే పద్ధతి మనమూ మొదలుపెట్టాం.

అందులో మా వల్ల ఒక తప్పు జరిగింది, అది సభ్యులకు చెప్పాలి. కొత్త జాబితా అంటించేటప్పుడు ఒక షట్టర్ మీద పాత కాగితం తీయలేదు. రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి. జ్వరంతో ఉన్న తండ్రిని ఇంట్లో వదిలి రాత్రివేళ వచ్చిన ఒకాయన పాత కాగితం చూసి వెళ్ళాడు. అక్కడ తాళం వేసి ఉంది. తిరిగి వచ్చి, ఫోన్ లైటు వేసి, రెండో కాగితం చదివి, అప్పుడు సరైన చోటికి వెళ్ళాడు. మందు దొరికింది, కానీ ఆ తిరగడంలో ఆయన పడ్డ టెన్షన్‌కు బాధ్యత మాదే. ఆయన ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాం. ఇప్పుడు కాగితాలు తీసేసి ఒకే పలక పెట్టాం. దాని మీద పాతది చెరిపితే తప్ప కొత్తది రాయడానికి చోటుండదు. చెరిపి రాసే పని కార్యవర్గంలో ఒకరికి అప్పజెప్పాం.

మిగతా విషయాలు

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, వాటి కాపీ మన కార్యాలయంలో ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. సభ్యత్వ రుసుము మార్చలేదు. పుస్తకాల గది వేళలు సాయంత్రం పూటకు జరిపాం, అక్కడ కూర్చునే వాలంటీర్లకు కూడా సెలవు రోజులు సెలవే.

సర్వసభ్య సమావేశంలో తేలాల్సింది రెండు. అందరూ కలిసి మూసే రోజులు ఏవి అన్నది మొదటిది. సెలవు రోజు డ్యూటీ గురించి ఎన్ని రోజుల ముందు అడగాలన్నది రెండోది. నాలుగు వారాలు ఉండాలని ఉద్యోగులు, రెండు చాలని యజమానులు అంటున్నారు. పోయిన సమావేశంలో మాట్లాడలేకపోయిన వాళ్ళు, ముఖ్యంగా యజమాని పక్కనే కూర్చున్నందువల్ల నోరు విప్పలేనివాళ్ళు, తమ మాట కాగితం మీద రాసి కార్యాలయం పెట్టెలో వేయండి. పేరు రాయనవసరం లేదు. వచ్చిన ప్రతి కాగితాన్నీ సమావేశంలో నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు
మీ కార్యదర్శి