యాత్ర బస్సు డిక్కీలో సిలిండర్

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం వస్తోందంటే మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుంచి కాశీకో శబరిమలకో బస్సులు మాట్లాడుకుంటారు. దారిలో హోటల్ తిండి పడదని వంటమాస్టారిని, బియ్యం మూటల్ని, గ్యాస్ సిలిండర్‌ని వెంటేసుకుని బయలుదేరడం మనకు అలవాటు. దాన్ని తప్పుపట్టను. బయట మంచినీళ్లు కూడా ముట్టని మా పెద్దలకు రోడ్డుపక్క చేసుకున్న వేడి ఉప్మాయే ఆధారం. నా గొడవల్లా ఆ సిలిండర్‌ని ఎక్కడ పెట్టుకుని వెళ్తున్నామన్నదే.

కిందటేడు మేం నలభైమందిమి కాశీ వెళ్లాం. రెండోరోజు తెల్లారగట్ల ఒక ధాబా ముందు డిక్కీ తలుపు తీయగానే గ్యాస్ వాసన గుప్పున కొట్టింది. పరుపుచుట్టల మధ్య సిలిండర్‌ని పక్కకు పడుకోబెట్టారు. రాత్రి వంటయ్యాక రెగ్యులేటర్ తీయలేదు సరికదా, ఆపనైనా ఆపలేదు. ట్యూబు మీద ఎవరిదో ట్రంకుపెట్టె. సిలిండర్ మూతి చుట్టూ తెల్లగా మంచు పేరుకుంది. "ఏం కాదు బాబూ, కిటికీలన్నీ తీసే ఉన్నాయి కదా" అన్నారు వంటమాస్టారు. రోజూ బండి స్టార్ట్ చేసేముందు మజ్జిగౌరమ్మ పటానికి అగరబత్తి వెలిగించే డ్రైవర్ అప్పటికింకా నిద్ర లేవలేదు.

చాలామందికి ఆ కిటికీల మీదే భరోసా. వంటగ్యాస్ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. అది పైకి లేచి కిటికీలోంచి పోదు. నీళ్లలా కిందికి దిగి డిక్కీ అడుగునే నిలుస్తుంది. గాలిలో 2 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. సిలిండర్‌ని పడుకోబెడితే ఇంకా ముప్పు. లోపలి ద్రవమే మూతిలోంచి కారి, బయటికొచ్చాక సుమారు 250 రెట్ల గ్యాస్ అవుతుంది. ఆ ద్రవం ఆవిరవుతూ మూతిని చల్లబరచడం వల్లే మేం చూసిన మంచు.

2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టె తగలబడి తొమ్మిదిమంది పోయారు. దొంగతనంగా ఎక్కించిన సిలిండర్‌తో పొద్దున్నే టీ కాచుకోబోయారు.

విదేశాల్లో ప్రొపేన్ మీద వండుకునే కారవాన్లకు, అంటే పడకా వంటా లోపలే ఉండే బండ్లకు, సిలిండర్ కోసం బయటివైపు తెరుచుకునే విడి అర ఉంటుంది. దాని అడుగున గాలి కన్నాలు. బండి లోపల గ్యాస్ అలారం కూడా కప్పుకి కాదు, నేల దగ్గర పెడతారు. మన బస్సు ఓనర్లకి ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. సైలెన్సర్‌కి దూరంగా, బయటివైపు ఒక జల్లెడ అడుగు పెట్టె, సిలిండర్ నిలబడి ఉండేలా గట్టి బెల్టు. ఏ వెల్డింగు షాపులోనైనా చేసిస్తారు. బండి కదిలేముందు రెగ్యులేటర్ తీసి మూత బిగించడం మాత్రం వంటమాస్టారి పని. ట్యూబు అయిదేళ్లు దాటితే మార్చేయాలి.

చలికాలంలో ఇంకో తంటా. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ మీదికి, 1672 మీటర్ల ఎత్తుకి, టెంపోలేసుకుని వెళ్లే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. పెద్ద పొయ్యి గంటసేపు మండితే సిలిండర్ చల్లబడి మంట నీరసిస్తుంది, చలిలో మరీను. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆగదు. చలిదేశాల కారవాన్లలో ప్రొపేన్ వాడేది అందుకే. మనవాళ్లు మాత్రం సిలిండర్ కింద గుడ్డలు కాలుస్తారు! మంట తగ్గించుకోండి, లేదా రెండో సిలిండర్ మార్చుకోండి. ఇక చలి కాచుకుందామని తలుపులు బిగించి బండిలోనే స్టవ్ వెలిగించడం అన్నిటికంటే ప్రమాదం. గాలాడని చోట స్టవ్ మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో కారవాన్‌లో పడుకున్న ఇద్దరు లేవనేలేదు. అక్కడ ఆ విషవాయువు జనరేటర్ నుంచి వచ్చింది.

సరిహద్దు దాటేటప్పుడు చెక్‌పోస్టులో పర్మిట్ చూస్తారు, ట్యాక్స్ చూస్తారు, సీట్లు లెక్కపెడతారు. డిక్కీ తెరవమని మా బస్సునైతే ఒక్కరూ అడగలేదు. ఈ సీజన్ నుంచైనా రవాణాశాఖవారు తెరిపించి చూడాలని కోరుతున్నాను. గ్యాస్ లీకైతే చేయాల్సిన 1906 నంబర్‌ని డ్రైవర్ సీటు వెనకాల పెద్దక్షరాల్లో రాయించమని ఓనర్లకూ చెప్పాలి. మా బస్సులో ఆ చోట "చేతులు బయట పెట్టరాదు" అని ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా