పండక్కి మాత్రమే కిందికి దిగే ఖురాన్ గురించి

ఎడిటర్ గారికి ఆదాబ్,

రంజాన్ నెలంతా మా ఇంట్లో మీ పేపర్ మామూలు కంటే ముందే తెరుస్తాం, సహరీ ఇఫ్తార్ టైమింగ్స్ చూస్కోవాలి కదా. ఆ పక్కనే హలీమ్ బట్టీల ఫొటోలు, చార్మినార్ దగ్గర రాత్రి బజార్ ఫొటోలు, జుమాతుల్ విదా (రంజాన్‌లో ఆఖరి శుక్రవారం) నాడు మక్కా మసీదు బయట రోడ్డు మీద దాకా నిలబడ్డ నమాజు సఫ్‌లు (వరసలు), అన్నీ వేస్తారు, బాగుంటాయి, వద్దనట్లేదు. కానీ ఆ నెల ఎందుకంత గొప్పదైందో ఆ మాట పండగ తెల్లారినుంచి మీ పేజీల్లోనూ ఉండదు, మా ఇళ్లల్లోనూ వినబడదు. ఖురాన్ దిగిన నెల అది. బఖరా సూరా (అధ్యాయం) 185వ ఆయత్‌లో (వాక్యంలో) అల్లాహ్ రంజాన్ పేరెత్తింది ఆ మాటతోనే. అలాంటిది షీర్ ఖుర్మా గిన్నెలు కడిగి బోర్లించేసరికి ఖురాన్ మళ్లీ జుజ్దాన్ అనే గుడ్డ సంచిలోకి, జుజ్దాన్ అల్మారా పైకి. దీని గురించే ఈ ఉత్తరం, కొంచెం పెద్దదే, వీలైతే మొత్తం వెయ్యండి.

నేనుండేది టోలిచౌకి, పుట్టి పెరిగింది నల్గొండ వైపు, చదువంతా తెలుగు మీడియం, ఇప్పుడు ఒక స్కూల్లో తెలుగే చెప్తున్నా. మన సిటీలో ఖురాన్‌కి మర్యాద తక్కువ అని ఎవరూ అనలేరు. బిడ్డకి 4 ఏళ్ల 4 నెలల 4 రోజులు నిండితే తస్మియా ఖ్వానీ చేస్తాం, పూల సెహ్రా కట్టి మౌలానా సాబ్ ఒళ్లో కూర్చోబెట్టి మొదటి ఆయత్‌లు పలికిస్తాం. మొదటిసారి ఖురాన్‌లోని 30 పారాలు (భాగాలు) పూర్తి చేస్తే మళ్లీ దావత్. పెళ్లయి ఆడపిల్ల వెళ్లిపోయేటప్పుడు నెత్తి మీద ఖురాన్ పట్టుకుని కారు దాకా నడిపిస్తాం. ఇంట్లో ఎవరైనా పోతే జియారత్ నాడు (పోయినవాళ్ల కోసం ప్రార్థన చేసే రోజు) మసీదు నుంచి సిపారాల పెట్టె వస్తుంది, పారాకి ఒకటి చొప్పున 30 పలచటి పుస్తకాలు, వచ్చినవాళ్లు తలా ఒకటి తీస్కుని చదువుతారు, ముప్పయ్యో పారా ఎవరి చేతికి దొరుకుతుందా అని చూసేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు ఎందుకంటే అందులో చిన్నప్పుడు నేర్చుకున్న చిన్న సూరాలు, తొందరగా అయిపోతాయి.

అంటే మొదలుపెట్టడానికి ఒక ఫంక్షన్ ఉంది, ముగించడానికి ఒక ఫంక్షన్ ఉంది, పోయాక కూడా ఉంది. మధ్యలో బతికే రోజులకే ఏమీ లేదు. మామూలు మంగళవారం పొద్దున, ఏ పండగా లేని రోజు, ఒక మనిషి ఒక్కడే కూర్చుని ఆ పుస్తకం తెరవడం, అది పోయింది మన దగ్గర. ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఇంటివాళ్లని అడిగి వాళ్ల పాత ఖురాన్ చూడండి, యాసీన్ సూరా ఉండే 22, 23 పారాల పేజీలు మెత్తబడి, అంచులు వేళ్ల ముద్రలతో రంగు మారి ఉంటాయి, శుక్రవారం అలవాటున్న ఇల్లయితే కహఫ్ సూరా దగ్గర కూడా అంతే. మిగతా చోట్ల కొన్ని పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఇంకా కొత్త కాగితం వాసనే వస్తుంటుంది. నహల్ సూరాలో తేనెటీగ గురించి ఉంది, హుజురాత్ సూరాలో ఎదుటివాణ్ని వెక్కిరించొద్దు, పేర్లు పెట్టి పిలవొద్దు, వెనకాల మాట్లాడొద్దు అని ఉంది, రోజూ మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో జరిగేవన్నీ అందులో ఉన్నాయి, ఆ పేజీలు మాత్రం తెరుచుకోవు.

ఫుర్ఖాన్ సూరాలో ఒక మాటుంది, 30వ ఆయత్, ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తన ప్రభువుతో, నా జాతివాళ్లు ఈ ఖురాన్‌ని వదిలేసి పెట్టారు అని మొరపెట్టుకుంటారు. అది చదివినప్పుడల్లా నాకు గుండె పట్టేసినట్టు అవుతుంది. దాని వెంటనే ఇంకో రెండు ఆయత్‌ల తర్వాత, ఖురాన్ మొత్తం ఒకేసారి ఎందుకు దింపలేదు అని అడిగినవాళ్లకి జవాబు ఉంది, నీ గుండెకి బలం ఇవ్వడానికే ఇలా కొంచెం కొంచెంగా అని. 23 ఏళ్ల పాటు, యుద్ధం మధ్యలో, ప్రయాణంలో, ఇంటి గొడవల్లో, కొడుకు చనిపోయిన బాధలో, అవసరమైనప్పుడు అవసరమైనంత దిగింది. ప్రవక్త గారికే అలా రోజుల తరబడి కొంచెం కొంచెంగా ఇచ్చిన దాన్ని మనం రంజాన్‌లో పది రాత్రులు, రాత్రికి మూడేసి పారాల తరావీహ్‌లో (రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజులో) నిలబడి విని, ఈ ఏడాదికి అయిపోయింది అనుకుంటే ఎట్లా? తరావీహ్ వద్దని కాదు, అల్లాహ్ మాఫ్ చెయ్యాలి, ఆ రాత్రుల అందమే వేరు. కానీ అది ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజ్ సాబ్ చదివింది, మనం విన్నది. మన నోటితో మనం చదివేది ఏది?

చాలామంది టైం లేదంటారు. నిజమే, కానీ సగమే నిజం. మన ఫంక్షన్ హాళ్లలో భోజనాల దస్తర్‌ఖాన్ వేసేదే రాత్రి పదకొండు దాటాక, ఇంటికొచ్చేసరికి ఒంటిగంట, ఫజర్ (తెల్లవారుజాము నమాజు) ఎక్కడ దొరుకుతుంది? ఇస్రా సూరాలో ఫజర్ వేళ ఖురాన్ చదవడానికి సాక్షులుంటారని చెప్పిన ఆ టైంలో మా గల్లీలో కుక్కలు, పాలబండి తప్ప అలికిడి ఉండదు. హైటెక్ సిటీ వైపు నైట్ షిఫ్ట్ చేసే పిల్లల సంగతి వేరు, వాళ్లకి ఏ నమాజు తర్వాత తీరిక ఉంటే ఖురాన్ చదవడానికి అదే వాళ్ల ఫజర్ వేళ అనుకోవాలి, ఆ టైం మాత్రం రోజూ మారకూడదు.

అసలు అడ్డం టైం కాదు, సిగ్గు. ఈ మాట బయటికి ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు మసీదులో కాయిదా (అరబీ అక్షరాలు నేర్పే పుస్తకం) చదివారు, ఒకసారి ఖతం చేశారు, తర్వాత ఎస్సెస్సీ, ఇంటర్, ఉద్యోగం, ఇప్పుడు నలభై ఏళ్లొచ్చాక తెరిస్తే అక్షరం అక్షరం కూడబలుక్కోవాల్సి వస్తుంది, మద్ద్ (దీర్ఘం) ఎక్కడ లాగాలో గున్నా (ముక్కుతో పలకడం) ఎక్కడ చెయ్యాలో గుర్తులేదు, పిల్లల ముందు తప్పు పలికితే ఏమనుకుంటారు అని మూసేస్తారు. మా గల్లీలో ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయిన పెద్దాయన ఉన్నారు, ఆయన మనవరాలు మక్తబ్‌కి (పిల్లలకి ఖురాన్ నేర్పే బడికి) వెళ్తుంది, ఆయన ఆ పిల్ల దగ్గరే కూర్చుని మళ్లీ నూరానీ కాయిదా మొదటి తఖ్తీ (పాఠం) నుంచి మొదలుపెట్టారు. మన హైదరాబాదీ నోటికి, అరబీలో లోపల్నుంచి పలకాల్సిన క కాస్తా ఖ అయిపోయి, కలమ్ ఖలమ్ అవుతుంది కదా, ఆయనకీ అంతే, ఆ పిల్ల చిన్న వేలు తన గొంతు మీద పెట్టి చూపిస్తుంది, దాదా ఇక్కడ్నుంచి రావాలి, గీరినట్టు రావద్దు, నాలుక వెనక భాగం పైకి తగలాలి అని. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ అంటారు, మళ్లీ రాదు, మళ్లీ అంటారు. నేను కూరగాయలు కొనుక్కుని వస్తూ ఆ కిటికీ దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డానో. ఇప్పుడు ఆయన రెహల్ (ఖురాన్ పెట్టే పీట) ముందు పెట్టుకుని వేలు ఆనించి బఖరా సూరా చదువుతున్నారు, మెల్లగా, ఆగి ఆగి, పైకి వినబడేలా. తడబడుతూ కష్టపడి చదివేవాళ్లకి రెండు పుణ్యాలు అని ప్రవక్త గారు చెప్పిన మాట ఆయన భార్య హజ్రత్ ఆయిషా ద్వారా బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు (ప్రవక్త గారి మాటల) గ్రంథాల్లోనూ ఉంది. ఆ హదీసు ఇలాంటి వాళ్ల కోసమే అని నాకు ఆయన్ని చూస్తే అనిపిస్తుంది.

ఇంక భాష. మాలాంటి తెలుగు మీడియం వాళ్లం ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, చదవడం రాదు, ఇంట్లో ఉన్న తర్జుమా (అనువాదం) ఏమో ఉర్దూలో, నాన్నగారి కాలం నాటిది. ఇప్పటి పిల్లలకి ఇంకా కష్టం, ఇంగ్లీష్ మీడియం. కానీ ఈ ఊళ్లో భాష లేదని చెప్పడానికి మనకి హక్కు లేదు. చాదర్‌ఘాట్ హైస్కూల్ హెడ్మాస్టర్‌గా చేసిన మార్మడ్యూక్ పిక్థాల్ గారు ఇంగ్లీషు తర్జుమా చేస్తుంటే నిజాం సర్కారు సెలవిచ్చి మరీ పని పూర్తి చేయించింది, అది 1930లో అచ్చయింది, ఇప్పటికీ దునియా అంతా చదువుతున్నారు. తెలుగులోకి మొదట తెచ్చింది చిలుకూరి నారాయణరావు గారు, తెలుగు భాషా చరిత్ర రాసిన పండితుడు, ముస్లిం కాదు, స్వాతంత్ర్యానికి ముందే చేశారు ఆ పని. ఆ తర్వాత ముస్లిం పండితులు చేసినవీ వచ్చాయి, తెలుగు తర్జుమాలు మన సిటీలోనే అచ్చవుతున్నాయి, కావాలనుకుంటే దొరుకుతాయి.

అర్థం తెలిస్తే ఏమవుతుందో ఒకటి చెప్తా. మాఊన్ సూరా, ఏడు ఆయత్‌లు, నమాజు వచ్చిన ప్రతి పిల్లకీ నోటికొస్తుంది. మా చెల్లెలి కూతురు తొమ్మిదో క్లాసు, దాన్ని తెలుగులో చదివించా. అనాథని తోసేసేవాడు, పేదవాడికి అన్నం పెట్టమని ఎవరికీ చెప్పనివాడు, నమాజు చదువుతూనే దాని పట్ల గాఫిల్‌గా (పట్టనట్టుగా) ఉండేవాళ్లు, పదిమంది చూడాలని చేసేవాళ్లు, వాడుకునే చిన్న చిన్న వస్తువులు కూడా ఇరుగుపొరుగుకి ఇవ్వనివాళ్లు, అంతే సూరా. పిల్ల కాసేపు చూసి, ఖాలా, పక్కింటి ఆంటీ మిక్సీ జార్ అడిగితే ఇవ్వకపోవడం కూడా ఇందులో ఉందా అంది. ఉంది బిడ్డా అన్నా. అన్నేళ్లుగా రోజూ నమాజులో చదువుతున్న సూరాతో ఆ పిల్లకి ఆ రోజు మాటలు కలిశాయి. అరబీలో తిలావత్ (పఠనం) చెయ్యడం వదిలెయ్యమనట్లేదు, అది వేరే ఇబాదత్ (ఆరాధన), దాని పుణ్యం దానిది. చదివాక ఆ నాలుగు ఆయత్‌ల తర్జుమా కూడా చదవండి అంటున్నా. అర్థం కానిది ఆలిమ్‌ని (మత పండితుణ్ని) అడగండి, సొంతంగా ఫత్వాలు తీసెయ్యొద్దు.

ఎంత చదవాలి అంటే, రోజుకి ఒక రుకూ (సూరాలో ఒక చిన్న భాగం) చాలు. మన దగ్గర అచ్చయ్యే ఖురాన్‌లలో పేజీ అంచున ఐన్ అక్షరం గుర్తు ఉంటుంది చూడండి, అదే రుకూ ముగిసిన చోటు, దాని మీద ఉన్న అంకె ఆ సూరాలో ఎన్నో రుకూ అని, మధ్యలోది అందులో ఎన్ని ఆయత్‌లున్నాయని, కిందది పారాలో ఎన్నో రుకూ అని. చాలాసార్లు ఒక రుకూలో ఒక విషయం పూర్తవుతుంది, ఆగడానికి మంచి చోటు. రోజుకొకటి చొప్పున ఏడాదిన్నరలో మొత్తం ఖురాన్ అర్థంతో సహా అయిపోతుంది. ఇంత తక్కువా అని ముక్కు విరవొద్దు, అల్లాహ్‌కి బాగా ఇష్టమైన పని కొంచెమైనా ఆగకుండా చేసేది అని హదీసులో ఉంది. ప్రవక్త గారి సహచరుడు అబ్దుల్లా బిన్ అమ్ర్ గారి సంగతి కూడా గుర్తుచేస్కోండి, ప్రవక్త గారు నెలకోసారి ఖురాన్ ముగించు అంటే నాకింకా శక్తి ఉంది అని పట్టుబట్టి ఏడు రోజుల దాకా తెచ్చుకున్నారు, ముసలితనంలో ఆ సడలింపు తీస్కుని ఉంటే బాగుండేది అనుకున్నారు, అయినా మొదలుపెట్టింది ఆపలేదు, రాత్రి చదవాల్సింది పగలే ఇంట్లోవాళ్లకి వినిపించి సరిచూసుకునేవారు. ఆ ఇంట్లోవాళ్లకి వినిపించడం అనే ముక్క నాకు చాలా ఇష్టం.

ఇంకో సంగతి, పొద్దున్నే షాపు షట్టర్ తీసి ఫోన్లో తిలావత్ పెట్టి గల్లా లెక్కలు చూస్కోవడం, కారులో పెట్టి ఫోన్ మాట్లాడ్డం. మంచి ఉద్దేశంతోనే చేస్తారు, తెలుసు. కానీ ఖురాన్ చదువుతుంటే చెవి పెట్టి వినండి, నిశ్శబ్దంగా ఉండండి అని ఆరాఫ్ సూరాలో సూటిగా ఉంది. ప్రవక్త గారు తన సహచరుడు ఇబ్నె మస్ఊద్ గారిని చదవమని అడిగి నిసా సూరా వింటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు, వినడం అంటే అది. అయిదు నిమిషాలు వినగలిగితే అయిదు నిమిషాలే పెట్టండి, తర్వాత ఆపేసి వ్యాపారం చూస్కోండి.

మసీదు కమిటీలకి నా విన్నపం. రంజాన్‌కి లైట్లు, ఏసీలు, హాఫిజ్ సాబ్ ఏర్పాట్లు ఎంత బాగా చేస్తారో ఆ శ్రద్ధలో కొంచెం మిగతా పదకొండు నెలలకి పెట్టండి. పిల్లల మక్తబ్ అన్ని చోట్లా ఉంది, పెద్దవాళ్లకి లేదు. ఇషా (రాత్రి నమాజు) తర్వాత అరగంట, పెద్దవాళ్లకి మాత్రమే, కాయిదా నుంచి, ఎవరు ఎంత తప్పు పలికినా నవ్వకుండా నేర్పే ఉస్తాద్ ఒకరు, చివర్లో పది నిమిషాలు తెలుగులో అర్థం. బోరబండ, కూకట్‌పల్లి, ఎల్బీనగర్ వైపు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువ, అక్కడైతే తెలుగు లేకుండా ఎట్లాగూ కుదరదు.

ఎడిటర్ గారూ, మీకూ ఒక మాట. ఇలాంటి క్లాసులు నడిపే మసీదులు, మదర్సాలు వివరాలు పంపిస్తే శుక్రవారం సిటీ పేజీలో వేస్తారా? ఏ ఏరియా, ఎన్ని గంటలకి, తెలుగులో అర్థం చెప్తారా, ఆడవాళ్లకి విడిగా చోటుందా, ఈ నాలుగు ముక్కలు ఉంటే చాలు. ఆడవాళ్లకి ఇషా తర్వాత కుదరదు, వంటలు, పిల్లల హోంవర్కులు ఉంటాయి, జుహర్ (మధ్యాహ్నం నమాజు) అయ్యాక పెడితే పిల్లలు స్కూల్ నుంచి వచ్చేలోపు ఒక గంట దొరుకుతుంది, మా గల్లీలోనే రావడానికి రెడీగా ఉన్నవాళ్లున్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక తెలుగు టీచర్
టోలిచౌకి, హైదరాబాద్